బీటెక్ ఫైనల్ ఇయర్: ఫోర్ వన్ మొదటి వారం నుంచి సర్టిఫికెట్లు చేతికొచ్చేదాకా

ఒక మంగళవారం రాత్రి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడు మెసేజీలు వరసగా పడ్డాయి. ఒకటి: రేపు పొద్దున 9కి క్యాంపస్ డ్రైవ్, ఫార్మల్స్ తప్పనిసరి, పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్స్ (ఇంకా పాస్ కాని సబ్జెక్టులు) ఉన్నవాళ్లు రావద్దు. రెండు: ప్రాజెక్టు అబ్‌స్ట్రాక్ట్ గైడ్ సంతకంతో రేపు సాయంత్రంలోగా ఇవ్వాలి. మూడు: సప్లీ (పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్ష) ఫీజుకు రేపే ఆఖరు, ఆ తర్వాత ఫైన్. మూడో మెసేజీ నా కోసమే. అందుకే మొదటిది నాకు పనికిరాలేదు.

నిజానికి ఫైనల్ ఇయర్‌లో, అంటే ఫోర్ వన్ (నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్), ఫోర్ టూ (రెండో సెమిస్టర్)లో, సిలబస్ పెద్ద బరువేమీ ఉండదు. నాలుగైదు రకాల పనులు ఒకే వారంలో వచ్చి మీద పడతాయి, వాటి తేదీలు మన చేతిలో ఉండవు. దానికి తోడు మనం దాచుకోవడం ఎక్కువ. బ్యాక్‌లాగ్ ఇంట్లో దాస్తాం, ప్రాజెక్టు అర్థం కాలేదన్న సంగతి గైడ్ దగ్గర దాస్తాం, డ్రైవ్‌లో మొదటి రౌండులోనే పోయామని ఫ్రెండ్స్ దగ్గర దాస్తాం. నేను చూసినంతలో ఈ ఏడాది చిక్కుల్లో పడ్డవాళ్లలో తెలివి తక్కువైనవాళ్లు ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు సంగతి ఆలస్యంగా బయటపెట్టి దెబ్బతిన్నవాళ్లే. వాళ్లలో నేనూ ఉన్నాను.

జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల పద్ధతిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అటానమస్ కాలేజీల్లో, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో లెక్కలు కొంచెం మారతాయి. పనుల వరస మాత్రం దాదాపు ఇదే.

మొదటి వారం: మీ లెక్క తేల్చుకోండి

ఇప్పటిదాకా వచ్చిన మార్కుల మెమోలన్నీ సెమిస్టర్ వారీగా పేర్చుకుని ముందు పెట్టుకోండి. మీ బ్యాచ్ ఏ రెగ్యులేషన్ (యూనివర్సిటీ నియమావళి) కిందకు వస్తుందో, అంటే ఆర్‌18, ఆర్‌20, ఆర్‌22 వీటిలో ఏదో చూసుకుని, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న ఆ పీడీఎఫ్ దించుకోండి. మొత్తం చదవక్కర్లేదు. క్రెడిట్లు, పాస్ మార్కులు, అటెండెన్స్, డిగ్రీ ఇచ్చే నియమాలు ఉన్న పేజీలు చాలు. నాలుగేళ్లు చదివి ఆ పేజీలు ఒక్కసారి కూడా చూడనివాళ్లే క్లాసులో ఎక్కువ. సీనియర్లు చెప్పిన మాటే మనకు రెగ్యులేషన్.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద ఇవి రాయండి: ఎన్ని క్రెడిట్లు వచ్చాయి, డిగ్రీకి కావలసిన 160కి ఇంకా ఎన్ని కావాలి, ఏ సబ్జెక్టులు మిగిలాయి, పది, ఇంటర్ శాతాలు ఎంత, ఇప్పటి సీజీపీఏ (పదికి లెక్కేసే సగటు గ్రేడు) ఎంత.

సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు చాలామంది పదితో గుణించేస్తారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ లెక్క ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి, మిగిలినదాన్ని 10తో గుణించాలి. 7.2 ఉన్నవాళ్లకు వచ్చేది 67 శాతం, 72 కాదు. దరఖాస్తులో 72 అని రాసి, తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో 67 తేలితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టే లెక్క. 6.3 ఉన్నవాళ్ల సంగతి ఇంకా సున్నితం. 63 ఉందని ధీమాగా ఉంటారు, తీరా లెక్కేస్తే 58 వస్తుంది, 60 కటాఫ్ దగ్గర ఆగిపోతారు. ఆ రెండు శాతం ఫోర్ వన్ మార్కులతో పైకి లాగగలరో లేదో ముందే లెక్కేసుకోవచ్చు.

అదే కాగితం మీద మీ పేరు, తండ్రి పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం అక్షరం రాయండి. బీటెక్ మెమోలో, ఆధార్‌లో అలాగే ఉందా చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటే ఇప్పుడే కాలేజీ ఎగ్జామ్ బ్రాంచిలో అర్జీ పెట్టండి. ప్రొవిజనల్ (తాత్కాలిక డిగ్రీ సర్టిఫికెట్) వచ్చాక దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.

అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపించి కండోనేషన్ (మినహాయింపు) ఫీజు కట్టాలి. 65 కంటే తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. డ్రైవ్‌లకని తిరిగి అటెండెన్స్ పోగొట్టుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. డ్రైవ్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆన్‌డ్యూటీ లెటర్ మీద టీపీవో (కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు) సంతకం అదే రోజు పెట్టించుకోండి, వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు ఈ ఏడాది రెన్యువల్ అయిందో లేదో చూసుకోవాలి. మూడేళ్లుగా అదే వస్తోంది కదా అని వదిలేస్తే చివర్లో ఆ బాకీ మీ పేరు మీద కనిపిస్తుంది.

బ్యాక్‌లాగ్ ఉంటే అన్నిటికంటే ముందు అదే

నాది ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి). రెండో ఏడాదిలో ఈఎంటీఎల్ (ఎలక్ట్రోమ్యాగ్నెటిక్ థియరీ, ట్రాన్స్‌మిషన్ లైన్స్) పోయింది. ఈసీఈ వాళ్లకు ఆ పేరు చెబితే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు. ఇంట్లో "అన్నీ పాసే" అన్నాను. తర్వాతి సప్లీలోనూ పోయింది. అప్పుడూ అదే మాట. ఫోర్ వన్‌లో డ్రైవ్‌లు మొదలయ్యాక నాన్న అడిగారు: "మీ ఫ్రెండు వెళ్లాడంట కదా, నువ్వెందుకు పోలేదు?" అప్పుడు చెప్పక తప్పలేదు. నాన్న ఆర్టీసీలో కండక్టర్. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఒక్కటేనా?" అన్నారు. ఒక్కటే అన్నాను. "ఫీజెంత?" అన్నారు. అంతే. ఏడాదిన్నర నేను మోసిన బరువు రెండు ప్రశ్నల్లో దిగిపోయింది. అందరి ఇళ్లలో ఇలాగే జరుగుతుందని చెప్పను. తిట్లు పడే ఇళ్లూ ఉంటాయి. కానీ జూలైలో పడే తిట్లు మేలు, మే నెలలో పడేవాటికంటే.

ముందు చాన్సులు లెక్కపెట్టండి. ఏ సెమిస్టర్ సప్లీ ఎప్పుడు వేస్తారన్నది యూనివర్సిటీ చేతిలో ఉంటుంది. గత రెండేళ్ల నోటిఫికేషన్లు చూస్తే మీ సబ్జెక్టుకు ఫోర్ టూ ఫలితాల్లోపు ఎన్ని చాన్సులు మిగిలాయో అంచనా వస్తుంది. చాలామందికి అవి రెండుకు మించవు. మూడు సబ్జెక్టులు ఉంటే మూడూ ఒకే చాన్సులో తీసేయాలని కూర్చోకండి. తేలికైనవి రెండు ఇప్పుడు, గట్టిది తర్వాతి చాన్సులో. అలాగని గట్టిదాని ఫీజు కట్టడం మానకండి, రాసి చూడండి.

తర్వాత మార్కుల లెక్క. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్‌22లో ఇంటర్నల్ 40, రాతపరీక్ష 60. పాస్ కావాలంటే రాతలో కనీసం 21 రావాలి, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్‌లో 16 ఉంటే రాతలో మీకు కావలసింది 24. పేపర్లో పార్ట్ ఏ పది ప్రశ్నలు, ఒక్కో మార్కు. పార్ట్ బీలో ఐదు యూనిట్ల నుంచి ఐదు ప్రశ్నలు, ఒక్కోటి 10 మార్కులు, ప్రతి యూనిట్‌లోనూ రెండింటిలో ఒకటి రాసుకోవచ్చు. అంటే మూడు యూనిట్లు గట్టిగా పట్టుకుని, మిగతా రెండింటిలో నిర్వచనాలు, బొమ్మలు, సూత్రాలు చూసుకుంటే 24 అందుతుంది. ఐదు యూనిట్లూ పైపైన తిరగేసి వెళ్లేవాళ్లే ఎక్కువసార్లు పోతారు. నేను రెండుసార్లు చేసింది అదే.

మూడు యూనిట్లు ఎంచుకోవడానికి గత నాలుగైదు పేపర్లు పక్కపక్కన పెట్టుకోండి. ఒక్కో యూనిట్ నుంచి ఏ ప్రశ్న తిరిగి తిరిగి వస్తోందో పెన్సిల్‌తో గీతలు పెట్టండి. అరగంట పని. ఆ తర్వాత చదవడం కంటే రాయడం మీద ఎక్కువ సమయం పెట్టండి. డెరివేషన్ ఉన్న సబ్జెక్టయితే ఒక్కో డెరివేషన్ చూడకుండా మూడుసార్లు రాస్తే పరీక్ష హాల్లో చెయ్యి దానంతట అదే కదులుతుంది. సబ్జెక్టు బాగా వచ్చిన జూనియర్ దగ్గరకు వెళ్లి చెప్పించుకోవడానికి మొహమాటం వద్దు. నాకు ట్రాన్స్‌మిషన్ లైన్స్ అర్థమయ్యేలా చెప్పింది థర్డ్ ఇయర్ అమ్మాయే.

రెండు మూడు మార్కుల్లో పోతే రీవాల్యుయేషన్ పెట్టండి. పెట్టాక ఊరుకోకండి. దాని ఫలితం ఒక్కోసారి తర్వాతి సప్లీ ఫీజు గడువు దాటాక వస్తుంది, కాబట్టి ఆ ఫీజు కూడా కట్టేయాలి. డబ్బు రెండుచోట్ల పోతుందని బాధపడతాం గానీ, ఆరు నెలలు పోవడం కంటే నయం.

ఆగస్టు లోపు: ఏ దారి?

ఉద్యోగం, గేట్, విదేశాలు, ఎంబీఏ, ప్రభుత్వ పరీక్షలు. ఐదింటికీ కొంచెం కొంచెం చదువుదాం అనుకునేవాళ్లు డిసెంబరుకు ఐదింటిలోనూ సగంలో ఉంటారు. ఒకటి ప్రధానం, ఇంకొకటి పక్కన. అంతకు మించి పెట్టుకోకండి.

గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో తీసుకుంటారు. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఎంటెక్‌కే కాదు, ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థలు కూడా గేట్ స్కోరు చూసి ఇంజనీర్లను తీసుకుంటూ ఉంటాయి. థర్డ్ ఇయర్‌లోనే మొదలుపెట్టినవాళ్లకు క్యాంపస్, గేట్ రెండూ కుదురుతాయి. ఫోర్ వన్‌లో మొదలుపెట్టేవాళ్లు ఈ ఏడాది అనుభవం కోసం రాసి, వచ్చే ఏడాది మీద ఆశ పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. జనరల్ ఆప్టిట్యూడ్ మాత్రం వదలొద్దు, ఎలాగూ క్యాంపస్ టెస్టులకు చదివేదే.

విదేశాలకు వెళ్లేవాళ్లకు పని ముందే మొదలవుతుంది. జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రెండేళ్లు చెల్లుతాయి. ఫాల్ (ఆగస్టు, సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టర్) సీటు కోసం డిసెంబరు నుంచి మార్చి మధ్య దరఖాస్తులు వెళ్లిపోవాలి. ట్రాన్స్‌క్రిప్టులకు యూనివర్సిటీలో పట్టే సమయం, రికమెండేషన్ లెటర్ కోసం సార్ల వెంట తిరిగే సమయం వేరుగా లెక్కేసుకోండి. పాస్‌పోర్టు లేకపోతే దసరా సెలవుల్లో ఇంటి అడ్రసు మీద పెట్టుకోండి. 36 పేజీలదానికి మామూలు ఫీజు 1500 రూపాయలు. హాస్టల్ అడ్రసు పెడితే పోలీస్ వెరిఫికేషన్ రోజున మీరు అక్కడ ఉండాలి, అది పరీక్ష రోజే పడుతుంది. ఇక అప్పు సంగతి. కన్సల్టెన్సీలో కాఫీ ఇచ్చి చెప్పే ఖర్చు వేరు, చివరికయ్యే ఖర్చు వేరు. ఇల్లో పొలమో తాకట్టు పెట్టాల్సి వస్తే నెలకు వాయిదా ఎంత పడుతుందో, ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే అది ఎవరు కడతారో ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసి మాట్లాడుకోండి.

ఎంబీఏకి క్యాట్ నవంబరు చివర్లో ఉంటుంది, ఐసెట్ ఆ తర్వాత వేసవి వైపు. సివిల్స్ ప్రిలిమ్స్ ఫైనల్ ఇయర్ వాళ్లూ రాయొచ్చు, మెయిన్స్ దరఖాస్తు నాటికి పాసైనట్టు చూపించాలి. గ్రూప్స్‌కి మాత్రం నోటిఫికేషన్ నాటికే డిగ్రీ పూర్తయి ఉండాలంటారు, అందుకే ఆ దారిలో వెళ్లేవాళ్లకు బ్యాక్‌లాగ్ ఇంకా ప్రమాదం. చదువంతా చదివి నోటిఫికేషన్ రోజున దరఖాస్తు పెట్టలేకపోతారు.

క్యాంపస్ డ్రైవ్‌లు

ముందు రెజ్యూమె. ఒక్క పేజీ చాలు. రాసిన ప్రతి పదం మీదా ప్రశ్న వస్తుందనుకుని రాయండి. పైథాన్ అని రాస్తే లిస్టుకూ టపుల్‌కూ తేడా చెప్పగలగాలి. ఏదో రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చి మెషిన్ లెర్నింగ్ అని పెద్దక్షరాల్లో పెట్టుకున్న నా ఫ్రెండుని అరగంట దాని మీదే పిండారు, తనకు బాగా వచ్చిన సీ లాంగ్వేజ్ గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.

సీఆర్‌టీ (కాలేజీలో పెట్టే క్యాంపస్ డ్రైవ్ శిక్షణ) క్లాసులు ఒక్కోచోట బాగుంటాయి, ఒక్కోచోట కాలక్షేపం. బాగాలేకపోతే వెనక బెంచీలో కూర్చుని మీ లెక్కలు మీరు చేసుకోండి. రోజుకు గంట ఆప్టిట్యూడ్, గంట కోడింగ్, మూడు నెలలు ఆపకుండా చేస్తే సర్వీస్ కంపెనీల రాతపరీక్ష దాటొచ్చు. ఆదివారం పది గంటలు కూర్చునే పద్ధతి నిలవదు.

ఇంగ్లిష్ దగ్గర చాలామందికి భయం, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు. "మీ గురించి చెప్పండి" అనగానే వంద మంది వంద సార్లు చెప్పే పాఠం ఒకటుంది: నాన్న రైతు, అమ్మ గృహిణి, హాబీలు క్రికెట్, పాటలు వినడం, బలం పాజిటివ్ యాటిట్యూడ్. ఇంటర్వ్యూ చేసేవాళ్లు పొద్దుటి నుంచి అదే వింటూ ఉంటారు. దాని బదులు ఇలా చేయండి. మీరు సొంతంగా చేసిన ఒక పనిని రూమ్మేట్‌కు తెలుగులో చెప్పండి. అతను ఎక్కడ "అంటే?" అని అడిగాడో అక్కడ దిద్దండి. దాన్ని నాలుగు వాక్యాలకు కుదించండి. అప్పుడు ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి, చిన్న మాటలతోనే. చెప్పాల్సిన విషయం తెలుగులో తేటగా ఉంటే ఇంగ్లిష్‌లో తడబడినా అవతలివాళ్లకు అర్థమవుతుంది. ఇది నేను ఆరు డ్రైవ్‌లు పోగొట్టుకున్నాక నేర్చుకున్నాను.

డ్రైవ్‌లో పోయిన రోజు రాత్రే, ఏ రౌండులో పోయారో, ఏ ప్రశ్న రాలేదో ఒక నోట్‌బుక్‌లో రాయండి. నాలుగు డ్రైవ్‌లు అయ్యాక చూస్తే ఒకే చోట పోతున్నారని కనిపిస్తుంది. నాకైతే ప్రతిసారీ టైమ్ అండ్ వర్క్ లెక్కలు.

ఆఫర్ లెటర్ వచ్చిందంటే సంతోషమే, కానీ జాయినింగ్ తేదీ వచ్చేదాకా పని అయిపోయినట్టు కాదు. లెటర్లు ఇచ్చి నెలల తరబడి పిలవని సందర్భాలు ఐటీలో చాలా చూశాం. అందుకని చదవడం, బయట ప్రయత్నించడం ఆపకండి. బాండ్ ఉంటే ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి చదివి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, దగ్గర ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి. డబ్బు కడితే ఉద్యోగం, బ్యాక్‌డోర్, ట్రైనింగ్ ఫీజు కడితే గ్యారంటీ ప్లేస్‌మెంట్, ఇవి ఏ పేరుతో వచ్చినా ఫోన్ పెట్టేయండి. మధ్యలో మన ఊరివాడో, దూరపు చుట్టమో ఉంటాడు, అందుకే నమ్ముతాం.

క్యాంపస్‌లో రాకపోతే అప్రెంటిస్‌షిప్ అన్న దారి ఉందని చాలామందికి తెలియదు. కేంద్రం నడిపే న్యాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ప్రభుత్వరంగ సంస్థల్లోనూ ప్రైవేటులోనూ ఏడాదిపాటు స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. మెకానికల్, సివిల్, ఈఈఈ వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ప్రాజెక్టు

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల నడిస్తే ప్రాజెక్టులు అమ్మే బోర్డులు కనిపిస్తాయి. కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి ఒక ధర. ఎందుకు కొంటారో నాకు తెలుసు: నలుగురి ప్రాజెక్టు బ్యాచ్‌లో ఇద్దరు డ్రైవ్‌లకు తిరుగుతుంటారు, ఒకరు గేట్, మిగిలిన ఒకరే ఏం చేస్తారు? కానీ కొన్నదాంతో రెండు నష్టాలు. వైవాలో నోరు తెరవలేరు. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత పనంటూ ఏదీ ఉండదు.

చిన్నదైనా సరే మీకు తెలిసిన చోటి నుంచి తీసుకోండి. మేం చేసింది బోరు మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే బాక్స్. ఎప్పటి నుంచో ఉన్న ఐడియానే, గొప్పేమీ లేదు. 2018లో మా వైవా. అప్పటికి కొద్ది నెలల కిందటే, జనవరి 1 నుంచి, తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది, మోటార్ల ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును తనంతట తానే ఆన్ చేసేవి) తీసేయమని రైతులకు చెబుతున్నారు. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్) మా రిపోర్టు తెరవనైనా తెరవకుండా అడిగారు: "కరెంటు పోయి మళ్లీ వస్తే మీ మోటారు తనంతట తను ఆన్ అవుతుందా?" నేను కోడ్ గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను. మా బ్యాచ్‌లో ఒకతనిది దేవరకొండ వైపు, బత్తాయి తోట ఉంది. "కాదు సార్. అలా అయితే రాత్రంతా మోటారు నడిచి నీళ్లు పోతయి. మళ్లీ మెసేజ్ పెడితేనే ఆన్ అయ్యేలా పెట్టినం" అన్నాడు. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, ఐదు నిమిషాలు మోటార్ల గురించే మాట్లాడారు. సర్క్యూట్ గురించి అడిగినవి రెండే ప్రశ్నలు.

పని నడిపే పద్ధతి ఇది. మొదటి సమావేశంలోనే ఎవరు ఏ భాగం చేస్తారో కాగితం మీద రాసి నలుగురూ సంతకం పెట్టండి. నవ్వులాటగా అనిపిస్తుంది, ఫోర్ టూలో గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది. వారానికోసారి గైడ్‌ను కలవండి. చూపించడానికి ఏమీ లేని వారం కూడా వెళ్లి "సార్, ఈ వారం ఇక్కడ ఆగిపోయాం" అని చెప్పండి. గైడ్‌కు కోపం తెప్పించేది పని కాకపోవడం కాదు, రెండు నెలలు మొహం చూపించకపోవడం. కోడ్, ఫొటోలు, రీడింగులు గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, బయట ఒకటి, రెండుచోట్ల దాచండి. పనిచేస్తున్నప్పుడే ఒక వీడియో తీసి పెట్టుకోండి, రివ్యూ రోజున హార్డ్‌వేర్ మొరాయించడం సర్వసాధారణం.

ఆంధ్రలో ఆర్‌20 కింద చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకూ ఇంటర్న్‌షిప్‌కూ కేటాయించారు. అక్కడివాళ్లు ఇంటర్న్‌షిప్ చోటును సంక్రాంతిలోపే ఖాయం చేసుకోవాలి. సర్టిఫికెట్ మాత్రమే అమ్మే చోట్లు ఉంటాయి, దూరంగా ఉండండి.

ఇప్పటికే ప్రాజెక్టు కొనేశారా? సరే. ఇంకా నెల ఉంటే ఒక పని చేయండి. ఒక ఇన్‌పుట్ ఇచ్చి, అది ఏ ఫైల్‌లో మొదలై ఏ ఫంక్షన్ల గుండా వెళ్లి తెర మీదకు వస్తుందో చేత్తో రాయండి. తర్వాత ఒక మాడ్యూల్ తీసేసి మీ అంతట మీరు రాయండి. అప్పుడు "ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు జవాబుంటుంది.

రిపోర్టు బైండింగ్‌కు వైవా ముందు రోజు వెళ్లకండి. మేం రాత్రి పదింటికి షాపులో ఉన్నాం. బంగారు రంగు అక్షరాలు అచ్చయ్యాక చూస్తే గైడ్ పేరు ముందు "డాక్టర్" లేదు. మేడమ్‌కు పీహెచ్‌డీ వచ్చి అప్పటికి రెండు నెలలే. ఐదు కాపీలూ మళ్లీ వేయించాం. టైటిల్ పేజీ, సర్టిఫికెట్ పేజీ ముందుగా ప్రింట్ తీసి గైడ్‌కు చూపించి, సరేనన్నాకే మిగతాది. ప్లేజియరిజం చెక్‌కు (కాపీ కొట్టారో లేదో చూసేది) కనీసం వారం ముందు ఇవ్వండి.

ఇల్లు, హాస్టల్, మనసు

నవంబరు వచ్చేసరికి హాస్టల్‌లో స్వీట్ బాక్సులు తిరగడం మొదలవుతుంది. ఒక్కో బాక్సూ ఒక్కో ఆఫర్. తినక తప్పదు, తింటే మింగుడు పడదు. ఆ రోజుల్లో ఫోన్‌లో ఇతరుల పోస్టులు చూడటం తగ్గించండి, రాత్రి నిద్ర పాడు చేసుకోకండి. ఇంట్లో వారానికి ఒకరోజు మాత్రమే ప్లేస్‌మెంట్ గురించి మాట్లాడుకుందామని చెప్పి ఒప్పించండి. మా ఇంట్లో ఆదివారం. మిగతా ఆరు రోజులు అమ్మ అన్నం తిన్నావా అని మాత్రమే అడిగేది, అడగలేక అడగలేక.

అమ్మాయిలకు ఫోర్ టూలో ఇంకో తంటా: సంబంధాలు చూడటం మొదలుపెడతారు. మీకు అప్పుడే వద్దనుకుంటే అమ్మానాన్నలతో నేరుగా వాదించేకంటే వాళ్లు మాట వినే మేనమామతోనో పెద్దమ్మతోనో చెప్పించండి. "ఏడాది ఆగండి" అని ఊరికే అంటే నిలవదు. ఏ పరీక్ష, ఏ నెల, ఫలితం ఎప్పుడు అని తేదీలతో చెబితే వింటారు.

రూమ్మేట్ మెస్‌కు రావడం మానేసినా, ఫోన్ ఎత్తకపోయినా, తన వస్తువులు అందరికీ పంచేస్తున్నా పట్టించుకోండి. వెళ్లి పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, ఇంటికి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మీకే అలా ఉంటే మీరే చేయండి.

ఫోర్ టూ అయ్యాక: కాగితాలు

ఫేర్‌వెల్ అయిపోగానే అందరూ ఊళ్లకు వెళ్లిపోతారు. వెళ్లేముందే నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న) ఫారం పూర్తి చేయండి. లైబ్రరీ, ల్యాబులు, హాస్టల్, అకౌంట్స్, ఒక్కోచోట ఒక్కో సంతకం. ఎప్పుడో సెకండ్ ఇయర్‌లో తీసుకుని పోగొట్టుకున్న పుస్తకం అప్పుడే బయటపడుతుంది. తర్వాత దీనికోసం బస్సెక్కి రావడం దండగ.

ఫలితాలు వచ్చాక చివరి సెమిస్టర్ మెమో, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒరిజినల్ డిగ్రీ తర్వాత వేరుగా వస్తుంది. ప్రతి కాగితాన్నీ కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి: పేరు, తండ్రి పేరు, హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి, పాసైన నెల, సంవత్సరం. వెనకాల క్యూ గొణుగుతుంది, గొణగనివ్వండి. టీసీ ఎక్కడైనా ఇచ్చేస్తే తిరిగి రాదు, కాబట్టి ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. డిజిలాకర్‌లో మీ మెమోలు కనిపిస్తున్నాయో లేదో కూడా చూసుకోండి.

రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే అరిచి లాభం లేదు. మా కజిన్‌కు ఇలాగే జరిగింది. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఆపుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. ఆ మాటను ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు లెటర్ రాయండి, జాయినింగ్ తేదీ ఉన్న ఆఫర్ లెటర్ జతచేయండి, మీ కాపీ మీద ఇన్వర్డ్ (లెటర్ అందినట్టు) స్టాంపు వేయించుకోండి. ప్రభుత్వం నుంచి డబ్బు రాగానే సర్దుబాటు చేస్తామని రాసిచ్చే పద్ధతికి చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. అప్పటికీ కదలకపోతే యూనివర్సిటీకి, ఏఐసీటీఈ ఫిర్యాదుల పోర్టల్‌కు రాయండి. ముందుగా డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తామన్న మాట రసీదు మీద రాయించుకోండి. కజిన్ రాయించుకోలేదు, ఆ డబ్బు కోసం ఏడాది తిరిగాడు.

అన్నీ చేతికొచ్చాక కాలేజీ గేటు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపులో ఐదేసి కాపీలు తీయించుకోండి. షాపతను తప్పకుండా అడుగుతాడు, లామినేషన్ చేయాలా అని. వద్దని చెప్పండి. విదేశాలకు వెళ్లేటప్పుడు అటెస్టేషన్ స్టాంపులు సర్టిఫికెట్ మీదే వేస్తారు, ప్లాస్టిక్ వేసేశాక అవి పడవు. పది రూపాయల కవర్ల ఫోల్డర్ ఒకటి కొనుక్కుని అందులో పెట్టుకోండి.